నక్కలవారు – నక్కను పిలుచు విద్య

ఎవనికైనను అనుకొనని మేలు కలిగినచో "నక్క తోక త్రొక్కి వచ్చినాడు" అనుట మనవారి వాడుక. హోసూరులోను, సేలములోను, బళ్ళారిలోను, బరంపురములోను, షోలాపురములోను, ఎచ్చట తెలుగు ఇల్లున్నను ఈ మాట వినబడును. పిల్లలు బడిలో ఏ భాష చదివినను ఇంట ముసలివారి నోట ఈ పలుకు నిలిచియున్నది. తమిళ సోదరులు ఇట్టి వేళ "నరి ముఖమున మేలుకొంటివా" యని అడుగుదురు. నక్కకింతటి శుభము ఎట్లు అంటినదో పెద్దలు పలువిధముల చెప్పుదురు గాని మా ఊహ వేరు. దాని తోక త్రొక్కునంత చేరువకు పోవుట మానవమాత్రునికి సాధ్యము కాదు గనుకనే ఆ మాట పుట్టియుండును.

సేలము జిల్లా వాళప్పాడి ప్రాంతపు గ్రామములలో సంక్రాంతి దినములందు "వంగనరి జల్లికట్టు" అను వేడుక తరతరములుగ జరుగుచు వచ్చినది. పొలములలో వలలు పన్ని, గుంటనక్కను ప్రాణముతో పట్టి, త్రాట కట్టి గుడి చుట్టును త్రిప్పుదురు. జనులెల్లరు దాని ముఖము చూచిన పిదప మరల అడవిలో విడిచిపెట్టుదురు. అట్లు చూచిన ఏడు పంటలు బాగుగ పండునని వారి నమ్మకము. వన్యప్రాణి సంరక్షణ చట్టము దీని నొప్పుకొనదు. అటవీశాఖవారు ఇటీవలి ఏండ్లలో ఇందులకు అపరాధరుసుములు వసూలు చేసినారు.

మన సాహిత్యమున నక్కకు కొదువ లేదు. పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక (1853) చదివినవారెవరును కరటక దమనకులను మరువజాలరు. అయినను నక్కను పట్టుట యెట్లో చెప్పిన గ్రంథము అరుదు. కల్యాణపుర చాళుక్యరాజు సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున వేటకు ప్రత్యేకముగ ఒక ప్రకరణమే కలదు. ప్రబంధకవులు మృగయావర్ణనమును తప్పక చేసిరి. కాని రాజుల చూపు పందిమీద, లేడిమీద, పులిమీద నుండెను. నక్కను పట్టుట రాచపని కాదు. అది గుడారములలో నివసించు ఒక చిన్న జాతివారి విద్య. వారిని మనవారు నక్కలవాండ్లని పిలిచిరి.

మదరాసు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు అధికారిగా నుండిన ఎడ్గర్ థర్‌స్టన్ దొర, కె. రంగాచారిగారి తోడ్పాటుతో 1909లో దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములు ప్రకటించెను. అందు కురువిక్కారన్ అను శీర్షిక క్రింద వీరి ప్రసక్తి వచ్చును. తెలుగువారు వీరిని నక్కలవాండ్లందురనియు, తమిళులు పిట్టలు పట్టువారను అర్థమున కురువిక్కారన్ అందురనియు, తమలో తాము వాగిరి యని చెప్పుకొందురనియు ఆయన వ్రాసెను. కన్నడదేశమున వీరి బంధువర్గమువారికి హక్కిపిక్కి యని పేరు. అనగా మూడు భాషలవారును ఈ జాతిని వారు పట్టు ప్రాణినిబట్టియే పిలిచిరి గాని వారి స్వంత పేరు అడిగినవారు లేరు. థర్‌స్టన్ వీరి భాషను మరాఠీ యనుకొనెను. అది గుజరాతీకి దగ్గరదైన వేరు భాష యని తరువాతి భాషాశాస్త్రజ్ఞులు తేల్చిరి. వీరు ఇంట వాగ్రీబోలి, సంతలో తెలుగో తమిళమో కన్నడమో మాటాడుదురు. వీధిలో నొక భాష, వంటయింట నొక భాష వాడుకొను మన కుటుంబములకు ఈ స్థితిని విడమరచి చెప్పనక్కరలేదు.

వారి విద్యను మేము ఒక్కసారి కన్నులార చూచితిమి. అది 1969 ప్రాంతపు మాట. మాకు అప్పటికి పదేండ్లు నిండలేదు. హోసూరు తాలూకాలో మా తాతగారి పల్లెయందు ఆ ఏడు నక్కలు మేకపిల్లలను ఎత్తుకొనిపోవుచు, దోసతోటను పాడుచేయుచుండెను. చెఱువుకట్ట క్రింద గుడారము వేసికొనిన నక్కలాయనను తాతగారు పిలిపించిరి.

ఆ ముసలివాడు పగలంతయు వల ముట్టలేదు. చెఱువు చుట్టును నడచి నేల చూచెను. మేము అతని వెంట తిరిగితిమి. బురదలో జాడలు చూపి, "ఇది కుక్క, ఇది నక్క" అని వేరుపరచెను. కుక్క అడుగు గుండ్రముగ విచ్చియుండునట. నక్క అడుగు కోలగా నుండునట. నక్క ముందరికాలి నడిమి రెండు వ్రేళ్ళ మెత్తలు వెనుకప్రక్క కలిసియుండును. ఈ సంగతి జంతుశాస్త్రజ్ఞులు వ్రాసినదే యని చాలకాలము తరువాత మేము చదివి తెలిసికొంటిమి. గట్టుమీది రాతిపై పడిన నక్క పెంటను పుల్లతో విడదీసి, అందు రేగుగింజలును ఎలుకబొచ్చును చూపెను. "ఇవి ఈడనే ఉండాయి సామీ, దూరం పోలేదు" అనెను. నక్కలు జంటగా నొక యెల్ల ఏర్పరచుకొని, ఆ యెల్లపై ఇట్టి గుర్తులు ఎత్తైన తావుల వదలును. కావున పెంట యున్న చోటు వాని సరిహద్దురాయి వంటిది.

ప్రొద్దు వాలుచుండగా అతడు పిడికెడు మెత్తని దుమ్ము తీసి మెల్లగా జారవిడిచి గాలి చూచెను. ఇందులోనే అతని నేర్పంతయు నున్నది. నక్క కూత విన్నంతనే నేరుగా రాదు. పెద్ద చుట్టు తిరిగి, కూసినవాని వాసన తనకు తగులు వైపునకు చేరి, పసిగట్టి, అప్పుడు గాని దగ్గరకు రాదు. వేటగాండ్రు పలువురు చెడునది ఇచ్చటనే. ముసలివాడు చెఱువునీటికి వెన్నిచ్చి కూర్చుండెను. గాలి ఎదుటి తుప్పల వైపునుండి మా ముఖములకు కొట్టుచుండెను. మా వాసన నీటిమీదుగా పోవును. నక్క చుట్టు తిరిగి వెనుకకు రావలెనన్నచో నీళ్ళు అడ్డము. "గాలి మన మొగాన ఉండల్ల. వీపున నీళ్ళుండల్ల" అని రెండు ముక్కలలో చెప్పెను. తాతగారు చుట్ట తీయబోగా చేయి పట్టుకొని ఆపెను. ఊరిలో తాతగారి చేయి పట్టుకొనిన మానవుని మేము చూచుట అదియే మొదటిసారి.

వల సంచివలె నుండెను. దానిని కఱ్ఱ ఊతతో పొద ప్రక్కన నిలిపి, తాను నల్లగొంగళి కప్పుకొని పండుకొనెను. వెంటనే కూయలేదు. మేము వచ్చిన అలికిడి అణగువరకు అరగంట ఊరకుండెను. మా కాళ్ళను చీమలు కుట్టినను కదలరాదనెను. చీకటి పడునప్పుడు ఒక కూత కూసెను. మా వెంట్రుకలు నిక్కపొడుచుకొన్నవి. అది మానవకంఠ మనిపించలేదు. కూసి, మరల చాలసేపు మౌనము. మాటిమాటికి కూసినచో నక్క అనుమానించునట. రెండవమారు కూసినప్పుడు తుప్పలలో బదులు వచ్చెను. పది నక్కలు ఒక్కసారి అరచినట్లు తోచి మేము తాతగారిని కరచుకొంటిమి. ముసలివాడు రెండు వ్రేళ్ళు చూపెను. రెండు నక్కలే గొంతులు మార్చి మార్చి అరచినచో గుంపువలె వినబడునట. మొదలుపెట్టు గొంతును, అందుకొను గొంతును వేరుచేసి లెక్కింపవలెనని తరువాత చెప్పెను. మూడవమారు కూత మాని, అరచేతులు నోటికి మూసి మేకపిల్ల ఏడుపు ఏడ్చెను. క్షణములో నొక నీడ ఎడమప్రక్కనుండి వచ్చెను. వల పడెను. రెండవది పారిపోయెను.

మరునాడు మరల పిలువుమని తాతగారు కోరిరి. ముసలివాడు ఒప్పుకొనలేదు. తప్పించుకొన్న నక్క ఆ కూతను మరువదనియు, ఆ తావున చాలనాళ్ళు పని జరుగదనియు చెప్పి, నాలుగు సేర్ల రాగులు కట్టించుకొని పోయెను. మాంసము వారు తిందురు. తోలుతో సంచులు కుట్టుదురు. థర్‌స్టన్ వ్రాసినదియు ఇంచుమించు ఈ వల, ఈ పొదచాటు కూతయే. అరువదేండ్లు గడచినను మార్పు లేకుండెను.

ఇదే నక్కను నీలగిరులలో దొరలు వేరువిధమున వేటాడిరి. ఉదకమండలమున వారి దేశపు నక్కవేటకు తగిన నక్క లేకపోవుటచే, ఇంగ్లండునుండి వేటకుక్కలను తెప్పించి, ఎఱ్ఱకోట్లు తొడిగి, గుఱ్ఱములెక్కి మన నక్కను తరిమిరి. 1891 నుండి 1896 వరకు మదరాసు గవర్నరుగా నుండిన వెన్లాక్ ప్రభువు పేరిట ఆ పచ్చిక మైదానములు నేటికిని పిలువబడుచున్నవి. ఆ వేటలో గాలి చూచుట, జాడ తెలియుట అంతయు కుక్కల పని. మనుష్యుడు చేయవలసినది గుఱ్ఱముమీదనుండి పడకుండుటయే.

నక్కకొమ్ము సంగతి చెప్పకున్న ఈ కథ పూర్తి కాదు. గుంపునకు పెద్దయైన నక్క తలపై చిన్న కొమ్ముండుననియు, అది దగ్గరనున్నవానికి వ్యాజ్యమున గెలుపు తప్పదనియు దక్షిణదేశమంతట నమ్మకము. సింహళమునందును ఈ నమ్మకము కలదని టెనెంట్ దొర 1861లోనే వ్రాసెను. నక్కకు కొమ్ము లేదు. నక్కలవారు సంతలో అమ్మునది ఎముకముక్కకు తోలును వెంట్రుకలును అతికినది. వాది, ప్రతివాది ఇరువురును చెరియొక కొమ్ము కొనినచో న్యాయాధిపతి ఏమి చేయవలెనో ఎవరును చెప్పలేదు. కొమ్ము కొని మోసపోతిమని వారిని దూషించువారు కలరు. వేట పోయిన పిమ్మట వారికి మిగిలిన సరుకు పూసలు, సూదులు, ఈ కొమ్మే యని తలపోసినవారు తక్కువ.

వేట పోయినది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో. చట్టము అవసరమైనదే. దానిని మేము తప్పుపట్టము. వల విడిచినచోట అంతకంటె క్రూరమైన ఉపాయములు కొన్ని వచ్చినవి. మాంసములో నాటుబాంబు పొదిగి పెట్టుట అందొకటి. 2021లో తిరుచిరాపల్లి జిల్లాలో నక్క యొకటి అట్లే మడిసినది. దానికి గాలి తెలియనక్కరలేదు, ఓర్పును అక్కరలేదు.

ఇక మేము గుమాస్తాగా చూచిన సంగతి యొకటి కలదు. 2009లో, సరిహద్దు తాలూకాలోని మా కార్యాలయమునకు ఒక నక్కలాయన కూతురుతో వచ్చెను. పిల్ల చదువునకై కులధ్రువపత్రము కావలెను. అతని పెద్దన్న కుప్పమువైపు నుండును. ఆంధ్రప్రదేశ్‌లో "నక్కల, కుర్వికరన్" అను పేర్లు 2003లో షెడ్యూల్డు తెగల జాబితాకు ఎక్కినవి. కర్ణాటకమున హక్కిపిక్కివారును షెడ్యూల్డు తెగయే. తమిళనాట మాత్రము నాటికి వారు అత్యంత వెనుకబడిన తరగతులలో నుండిరి. అన్న యొక జాబితా, తమ్ముడొక జాబితా. నడుమ నున్నది ఒక చెక్‌పోస్టు. పైగా అర్జీలో నక్కల యనియు, పాత రేషనుకార్డులో కురువిక్కారన్ యనియు, బడి కాగితమున నరిక్కురవన్ యనియు నుండెను. మూడు పేర్లును ఒక్కరివేయని మాకు తెలియును. అందు మొదటి రెండును థర్‌స్టన్ మొదటి వాక్యములలోనే ఉన్నవి. అయినను పై అధికారి చెప్పినట్లు "పేరు నిర్ధారింపబడలేదు, స్థిరనివాసమునకు ఆధారము లేదు" అని వ్రాసి త్రిప్పి పంపితిమి. గుడారములలో పుట్టినవానికి స్థిరనివాసపు ఆధారము ఎచ్చటనుండి వచ్చును?

వరండాలో అతనిని "కూత వచ్చునా అప్పా?" యని అడిగితిమి. అతడు నవ్వి, "అది మా నాయనతోనే పాయె సామీ. ఇప్పుడు కూస్తే కేసు పెడతారు" అనెను. మరి రెండుమార్లు వచ్చి, తరువాత రాలేదు.

నరిక్కురవరను తెగల జాబితాలో చేర్పవలెనని లోకూర్ సంఘము 1965లోనే సిఫారసు చేసియుండెను. పార్లమెంటు ఆమోదించినది 2022 డిసెంబరులో. ఏబదియేడేండ్లు. అదే సమావేశములో, అదే నెలలో, వన్యప్రాణి చట్ట సవరణయు రాజ్యసభలో నెగ్గినది. ఆ సవరణతో నక్క మొదటి షెడ్యూలునకు ఎక్కినది. నక్కయు, నక్కలవారును ఒక్క నెలలో షెడ్యూళ్ళ కెక్కిరని వార్తాపత్రికలో చదివినప్పుడు మేము ఆ రెండు కత్తిరింపులను ఒకే కవరులో దాచితిమి. మరుసటి ఏప్రిలులో సూడాను దేశమున యుద్ధము చెలరేగినపుడు, అచ్చట చిక్కుకొని ప్రభుత్వముచే తీసికొనిరాబడిన భారతీయులలో కర్ణాటక హక్కిపిక్కివారు కలరు. మూలికలు, తలనూనెలు అమ్ముటకై వారు ఆఫ్రికా వరకు పోయిరి.

ఇటీవల యానాములో మా వియ్యాలవారింట రెండు రాత్రు లుంటిమి. గోదావరి పాయ కవతల కోరంగి మడ అడవులున్నవి. నక్కలు అచ్చట పీతలును చేపలును తిని బ్రతుకును. చీకటి పడిన పిదప కూత మొదలైనది. మా మనుమడు మేడమీదనుండి వినుచు, పదియైన ఉండునని చెప్పెను. మేము మొదలుపెట్టిన గొంతును, అందుకొనిన గొంతును వేరుచేసి వింటిమి. రెండే.