ఇంటి వైరింగు: దేశానికో పద్ధతి

మీటరు దాకా వచ్చిన కరెంటును దీపాలకు, ఫ్యాన్లకు, ప్లగ్గులకు పంచే తీగల అమరికే ఇంటి వైరింగు. కరెంటు ఎక్కడైనా ఒకటే అయినా, దాన్ని గోడల్లో నడిపించే తీరు దేశానికో రకంగా స్థిరపడింది. ఇందులో శాస్త్రం పాలు తక్కువ, చరిత్ర పాలు ఎక్కువ. కరెంటు వచ్చేనాటికి అక్కడ ఇళ్లు దేనితో కట్టేవారు, రాగి ఎంత దొరికేది, ఏ కంపెనీ ముందు తీగలు లాగింది అన్నవే చాలా సంగతులు తేల్చేశాయి.

న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో 1882 సెప్టెంబరులో ఎడిసన్ ప్రారంభించిన కేంద్రం 110 వోల్టుల డైరెక్ట్ కరెంటు ఇచ్చింది. అప్పటి కార్బన్ ఫిలమెంటు బల్బు తట్టుకునేది అంతే. రాగి ఆదా కోసం ఎడిసన్ త్వరలోనే మూడు తీగల పద్ధతికి మారాడు. చివరి తీగలు రెండింటి మధ్య 220 వోల్టులు, వాటిలో ఏ ఒక్కదానికైనా నడిమి తీగకూ మధ్య 110. తర్వాత ఆల్టర్నేటింగ్ కరెంటు వచ్చినా ఆ ఏర్పాటు పోలేదు. నేటికీ అమెరికా ఇంట్లో దీపాలకు, మామూలు ప్లగ్గులకు 120 వోల్టులు; ఎలక్ట్రిక్ పొయ్యికి, బట్టలారబెట్టే యంత్రానికి 240. అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు 110 వోల్టుల మిక్సీ అని అడిగి మరీ కొనుక్కోవడం ఎడిసన్ చలవే. బెర్లిన్ విద్యుత్ సంస్థ మాత్రం 1899లో 220 వోల్టులకు మారాలని నిర్ణయించింది. వోల్టేజీ రెట్టింపైతే ఉన్న తీగల మీదే చాలా ఎక్కువ కరెంటు సరఫరా చేయవచ్చు. ఐరోపాలో చాలాభాగం క్రమంగా ఆ దారే పట్టింది. జపాన్ 100 వోల్టుల దగ్గర ఆగిపోయింది. పైగా తూర్పున జర్మన్ జనరేటర్లు, పడమట అమెరికన్ జనరేటర్లు కొన్నందువల్ల సగం దేశంలో 50 హెర్ట్జ్, సగం దేశంలో 60 హెర్ట్జ్ ఇప్పటికీ నడుస్తున్నాయి.

వైరింగు నియమాలు పుట్టింది అగ్నిప్రమాదాల భయంతో. లండన్‌లో టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సంఘం 1882లోనే తొలి నియమావళి ప్రకటించింది. నేటి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7671 దాని వారసురాలే. అమెరికాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ తొలి ప్రతి 1897లో వచ్చింది. దాని వెనుక బీమా కంపెనీల పట్టుదల ఉంది. ఇల్లు కాలితే డబ్బు కట్టాల్సింది వాళ్లే మరి.

అమెరికా ఇల్లు ఎక్కువగా చెక్క చట్రం. తొలిరోజుల్లో దాని దూలాల మీద పింగాణీ గుబ్బలు బిగించి, దూలాన్ని దాటేచోట పింగాణీ గొట్టం దూర్చి, ఫేజునూ న్యూట్రల్‌నూ దూరదూరంగా లాగేవారు. 1930ల తర్వాత ఆ స్థానంలో ఒకే తొడుగులో రెండు మూడు తీగలుండే కేబుల్ స్థిరపడింది. దాన్ని చెక్కకు క్లిప్పులతో బిగించి పైన జిప్సం పలక కప్పేస్తారు, గొట్టం అక్కర్లేదు. ఇటుక, కాంక్రీటు గోడల దేశాల్లో ఆ సుఖం లేదు. మన పాత ఇళ్లలో చెక్క కేసింగ్-క్యాపింగు, తర్వాత టేకు పట్టీల మీద బ్యాటెన్ వైరింగు గోడపైనే కనిపించేవి. ఇప్పుడు గోడకు గాడి కొట్టి, పైపు పెట్టి, సిమెంటు పూసి, ఆఖరున తీగలు లాగుతారు.

ప్లగ్గుల విషయంలో అందరికంటే వింత దారి బ్రిటన్‌ది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే 1942లో, యుద్ధానంతరం కట్టబోయే ఇళ్ల వైరింగు కోసం అక్కడ ఒక కమిటీ వేశారు. అందులో ఏకైక మహిళ కరోలిన్ హాస్లెట్, మహిళా ఇంజనీర్ల సంఘం తొలి కార్యదర్శి. 1944లో వెలువడిన నివేదిక రింగు సర్క్యూట్‌ను సిఫార్సు చేసింది. బోర్డు దగ్గర బయలుదేరిన తీగ ప్లగ్గులన్నీ చుట్టి మళ్లీ బోర్డుకే చేరుతుంది. ప్రతి ప్లగ్గుకూ కరెంటు రెండు వైపుల నుంచీ అందుతుంది గనుక సన్నటి తీగ సరిపోతుంది, రాగి మిగులుతుంది. అయితే ఆ రింగును కాసే ఫ్యూజు 30 ఆంపియర్లది. టేబుల్ దీపం సన్న తీగ దానికి ఏమూలకు? అందుకే ప్లగ్గు లోపలే ఫ్యూజు పెట్టారు. 1947లో వచ్చిన బీఎస్ 1363, అంటే చదునైన మూడు పిన్నుల 13 ఆంపియర్ల ప్లగ్గు, ఇలా పుట్టింది. ఎర్త్ పిన్ను ముందుగా లోపలికి వెళ్లి షట్టర్ తెరిస్తే తప్ప మిగతా రెండూ దూరవు. రింగుకో లోపం ఉంది: ఒకచోట తీగ తెగినా ప్లగ్గులన్నీ మామూలుగానే పనిచేస్తాయి, మిగిలిన తీగ మీద భారం పెరిగిన సంగతి పైకి తెలియదు. కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి దుబాయి, ఒమన్, కువైట్ వెళ్లిన మన ఎలక్ట్రీషియన్లు అక్కడ బిగించేదీ ఈ 13 ఆంపియర్ల ప్లగ్గునే.

భారతదేశం మాత్రం బ్రిటన్ వదిలేసిన దాన్ని నిలుపుకుంది. 1934 నాటి బీఎస్ 546 గుండ్రటి పిన్నులే మన ప్రమాణం ఐఎస్ 1293లోకి వచ్చాయి. అప్పటి 5, 15 ఆంపియర్లు ఇప్పుడు 6, 16 అయ్యాయి. మనకు రింగు లేదు. గీజరుకు, ఏసీకి బోర్డు నుంచి విడి లైను, దాని చివర పవర్ ప్లగ్గు. ప్లగ్గు పక్కనే స్విచ్, కిందికి నొక్కితే ఆన్ కావడం బ్రిటిష్ అలవాట్లు. అమెరికాలో స్విచ్ పైకి లేపితే ఆన్, గోడ ప్లగ్గుకు మామూలుగా స్విచ్చే ఉండదు.

అసలు ప్రమాదం రంగుల్లో ఉంది. అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. మనకు ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. 1960ల దాకా జర్మనీ ఇళ్లలో ఎర్త్ తీగకు ఎరుపు వాడేవారు. ఐరోపా దేశాలు గోధుమ, నీలం, ఆకుపచ్చ-పసుపు అని ఒక మాట మీదికి వచ్చాయి. బ్రిటన్ గోడల్లోని వైరింగుకు వీటిని తీసుకున్నది 2004లో. అంతకుముందు అక్కడ మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు. కొత్త పద్ధతిలో నలుపు ఒక ఫేజు అయింది, నీలం న్యూట్రల్ అయింది. పాతా కొత్తా కలిసిన బోర్డు మీద హెచ్చరిక అంటించాలన్న నియమం అందుకే వచ్చింది. మనకింకా ఆర్-వై-బీ (ఎరుపు, పసుపు, నీలం) ఫేజు రంగులే వాడుక గనుక యూరప్ నుంచి దిగిన యంత్రం నీలి తీగను కలిపేముందు టెస్టరు పెట్టి చూడక తప్పదు.

తేడాలు చెరిపేయాలన్న ప్రయత్నాలు జరగకపోలేదు. లండన్‌లో 1906లో ఏర్పడిన అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1986లో విశ్వమంతటికీ ఒకే ప్లగ్గు ప్రతిపాదించింది. దాని ఆధారంగా ప్రమాణం చేసుకున్న పెద్ద దేశాలు బ్రెజిల్, దక్షిణాఫ్రికా. వోల్టేజీ ఏకీకరణ కాగితం మీద సులువుగానే జరిగింది. 1995లో బ్రిటన్ 240 నుంచి, ఐరోపా 220 నుంచి 230కి వచ్చినట్టు ప్రకటించుకున్నాయి. ఎక్కువతక్కువల హద్దులు సడలించడంతో ట్రాన్స్‌ఫార్మర్లు మార్చనక్కర్లేకపోయింది. బ్రిటన్ ఇళ్లలో మీటరు పెట్టి చూస్తే చాలాచోట్ల ఇప్పటికీ 240 దగ్గరే చూపుతుంది.