పురిటి నెత్తురుకు అడ్డుకట్ట

రామంతాపూరు నుండి హబ్సిగూడ మీదుగా తార్నాకకు పోవు దారిలో, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువగా, జాతీయ పోషకాహార సంస్థ గేటు కలదు. ఆ విశ్వవిద్యాలయము పుట్టిన 1918లోనే, బెరిబెరి వ్యాధిని శోధించుటకై రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో నెలకొల్పిన చిన్నశాల 1958లో ఇచ్చటికి తరలివచ్చి యింతదయ్యెను. పురిటి రక్తస్రావమును గూర్చి చెప్పబోవుచు శస్త్రశాలను విడిచి ఈ గేటు కడ నిలుచుటకు కారణము కలదు. అది పిమ్మట తెలియగలదు.

1949లో ఏడవ నిజాము కోడలైన నిలోఫర్ రాకుమారి పరిచారిక కాన్పులో కన్నుమూసెను. అట్టి చావు మఱియొక తల్లికి రారాదని రాకుమారి పట్టుపట్టగా, నిజాము పూనికతో రెడ్‌హిల్స్‌లో 1953 నాటికి ఆమె పేరిట ఆసుపత్రి వెలసెను. ఆ యేడే అమెరికాలో విన్సెంట్ డు విగ్నో, గర్భాశయమును బిగించు మందైన ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో కూర్చెను. అంతవఱకు, 1906లో హెన్రీ డేల్ ఆ గుణమును కనుగొన్న పీయూషగ్రంథి సారమును పశువుల నుండి తీసి వాడుచుండిరి. రై గింజలకు పట్టు బూజు నుండి 1935లో వేఱుచేసిన ఎర్గోమెట్రిన్ దానికి తోడుగ నుండెను. హైదరాబాదులో ఆసుపత్రియు, కడలి కావల మందును ఒక్క యేట సిద్ధించుట తలచినప్పుడెల్ల నా మనసు నిండును.

ఆ మందు చేయు పని పెద్దాపరేషను బల్ల కడ చూడవలెను. నిండు నెలల గర్భాశయమునకు నిమిషమునకు అర లీటరుకు పైగా నెత్తురు పాఱును. మాయ ఊడిన చోట ఆ నాళములన్నియు నోళ్లు తెఱచుకొని యుండును. బిడ్డను బయటికి తీసినంతనే మత్తువైద్యురాలు ఆక్సిటోసిన్‌ను నరములోనికి మెల్లగా, రక్తపోటు పడిపోకుండునట్లు, ఎక్కించును. డాక్టరమ్మ అరచేతిక్రింద పిండిముద్దవలె మెత్తగానున్న గర్భాశయము అంతలో కొబ్బరికాయవలె గట్టిపడును. అడ్డదిడ్డముగ అల్లుకొన్న కండపోగులు బిగిసి, నడుమనున్న నాళములను నొక్కి మూయును.

మఱియొక మందు, గడ్డకట్టిన నెత్తురు తిరిగి కరగకుండ కాచు ట్రానెక్సామిక్ ఆమ్లమును 1962లో జపానులో ఉటాకో ఒకమోటో భర్తతో కలసి వెలువరించెను. బాలింతలను కాపాడవలెనన్నదే ఆమె కోరిక. 21 దేశములలో 20,060 మంది తల్లులపై జరిగిన పరీక్ష, కాన్పైన మూడు గంటలలోపల ఇచ్చినచో నెత్తురు పోవుటవలని మరణములు తగ్గునని 2017లో తేల్చెను. అంతకు ముందటి యేడే ఆమె వెళ్లిపోయెను. ఆపరేషనులో స్రావము కాకమునుపే అందఱికి ఇచ్చుట వలని మేలు మాత్రము అంత స్పష్టముగ రుజువు కాలేదు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషనులే. గర్భిణులలో సగము కంటె ఎక్కువమందికి రక్తహీనత. ఒంట నెత్తురున్న తల్లి లీటరు పోయినను లేచి బిడ్డకు పాలిచ్చును; పాలిపోయిన తల్లి అంతలో సగమునకే తూలును. ఇనుమును అయొడినును ఒక్క ఉప్పులో ఇమిడ్చిన తార్నాక గేటు లోపలి శాస్త్రజ్ఞులు పోరాడినది ఆ పాలిపోవుటతోనే. ఆక్సిటోసిన్‌ను రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చలిలో దాచవలెను. ఐరన్ గోలీకి ఆ కట్టడి లేదు, ఆశా కార్యకర్త చేతిసంచిలో ఇంటి గడప వఱకు వచ్చును.