మధ్యవర్తి లేని కంప్యూటరు వల

కడప జిల్లా తొండూరులో ఎదురెదురు ఇండ్లలో ఇద్దరు విద్యార్థులున్నారనుకొందాము. ఒకరు తన ఫోను నుండి రెండవవారికి లెక్కల పుటను ఫోటో తీసి పంపినప్పుడు, ఆ ఫోటో వీధి దాటి నేరుగా ఎదురింటికి పోదు. సామాన్యముగా అది ఎక్కడో దూరాన ఏదో కంపెనీ నడుపుచున్న సర్వరుకు పోయి, అక్కడినుండి తిరిగి తొండూరు చేరును. ఊరి బయట కేబులు తెగినచో ఎదురింటికి కూడ కబురు అందదు. ఈ చుట్టుదారి ఎట్లు ఏర్పడినది? దానిని తప్పించుటకు ఎవరేమి చేసినారు? ఈ ప్రశ్నలకు కొంత చరిత్ర కలదు.

పుట్టుకలో ఇంటర్నెట్టుకు ఈ వంకర లేదు. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశము పోయినది. (పంపదలచిన మాట ‘లాగిన్’. మొదటి రెండక్షరములు చేరగానే అవతలి యంత్రము ఆగిపోయినది!) ఆ వలలో ప్రతి యంత్రమునకు ఒక చిరునామా ఉండెను, ఏ యంత్రమైనను మరొకదానిని నేరుగా పిలువగలిగేది.

తరువాత చిరునామాలకు కరవు వచ్చినది. పాత పద్ధతిలో చిరునామా 32 ద్వ్యంకముల సంఖ్య. అట్టివి మొత్తము 2ను 32 సార్లు హెచ్చించినన్ని, అనగా సుమారు 429 కోట్లు. ఇవి చాలవని గ్రహించి 1994లో ఒక ఉపాయము ప్రతిపాదించినారు: ఇంటిలోని యంత్రములన్నియు ఒకే బయటి చిరునామాను పంచుకొనుట. రౌటరు ద్వారపాలకుని వలె నిలుచును. లోపలివారు బయటివారిని పిలువవచ్చును గాని, బయటివారు ముందుగా లోపలివారిని పిలువలేరు. ఈ ఉపాయము కరవును తీర్చినది. సమానత్వమును మాత్రము పోగొట్టినది. అందరు పిలువగల సర్వరు మధ్యవర్తి అయినది.

1999లో అమెరికాలో నాప్‌స్టర్ వెలువడినది. దానిని అర్థము చేసికొనుటకు మన కరణమును తలచుకొనవచ్చును. 1984లో ఆ వ్యవస్థ రద్దగు వరకు పొలములు రైతులవద్ద, లెక్కలు కరణమువద్ద ఉండెడివి. నాప్‌స్టర్‌లోను పాటలు జనుల కంప్యూటర్లలో, వాటి పట్టిక ఒక్కచోట ఉండెను. న్యాయస్థానము కలుగజేసికొన్న పిదప 2001లో ఆ పట్టిక మూతపడగా వల అంతయు నిలిచిపోయినది. 2000 మార్చిలో వచ్చిన న్యుటెల్లాలో కరణమే లేడు. కావలసినదానిని గూర్చి పొరుగువారిని అడుగుట, వారు తమ పొరుగువారిని అడుగుట: ఇంటింటి చాటింపు. ఊరు పెద్దదైనకొలది చాటింపు రొదకే వల అలసిపోయినది.

ఇక్కడ తెలుగు ఇంటిపేరొకటి కనిపించును. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో పరిశోధన చేయుచుండిన కృష్ణ గుమ్మడి, తన సహచరులు సరోయు, గ్రిబుల్‌లతో కలిసి ఈ రెండు వలలను కొలిచి 2002లో ఫలితములు ప్రకటించినారు. పేరుకు అందరు సమానులే. కాని న్యుటెల్లాలో నూటికి 25 మంది వరకు ఒక్క ఫైలు కూడ ఇతరులకు ఇచ్చుటలేదు. నూటికి ఏడుగురు పంచుచున్నది మిగిలినవారందరు పంచుదానికంటె ఎక్కువ. వచ్చినవారిలో సగముమంది గంటలోపలనే వెళ్లిపోవుచున్నారు. తన వేగమును తక్కువచేసి చెప్పుకొనువారును కలరు. సమానత్వమును ఊహించుకొనక కొలిచి చూచుట వలన, తరువాతివారు వచ్చిపోవు యంత్రములను లెక్కలో పెట్టుకొనవలసివచ్చినదని నా అభిప్రాయము.

అదే 2002లో న్యూయార్క్ విశ్వవిద్యాలయమునకు చెందిన మేముంకోవ్, మాజియేర్ అనువారు కడెమ్లియా అను పద్ధతిని ప్రకటించినారు. ఇందులో ప్రతి యంత్రము కొద్దిమంది చిరునామాలనే గుర్తుంచుకొనును. ఒక్కొక్క ప్రశ్నతో దూరము సుమారు సగమగును. పది లక్షల యంత్రములలో ఒకదానిని వెదకుటకు ఇరువది అడుగులు చాలును. విద్యార్థులు 2ను ఇరువదిసార్లు హెచ్చించి చూడవచ్చును.

అయినను ఒక చిక్కు మిగిలినది. క్రొత్త ప్రోగ్రాము వ్రాయు ప్రతివాడును చిరునామా వెదకుట, రౌటరును దాటుట, రహస్యలిపి, చాటింపు వీటినన్నింటిని మొదటినుండి తానే కట్టుకొనవలసివచ్చెను. హ్వాన్ బెనెట్ 2014లో స్థాపించిన ప్రోటోకాల్ ల్యాబ్స్ వారు ఐ.పి.ఎఫ్.ఎస్. అను ఫైళ్ల వలను నిర్మించుచు, అందలి రాకపోకల భాగమును వేరుచేసి ఎవరైనను వాడుకొనదగిన లైబ్రరీగా ఇచ్చినారు. లైబ్రరీ అనగా ఇక్కడ పుస్తకశాల కాదు. సిద్ధముగా నున్న ప్రోగ్రాము భాగముల సంచయము. దాని పేరు లిబ్‌పీటూపీ. గో, జావాస్క్రిప్ట్, రస్ట్ మొదలగు కంప్యూటరు భాషలలో ఇది లభించును.

దీని విశేషము భాగములను విడివిడిగా మార్చుకొనుటలో నున్నది. బోరు మోటారు చెడిన రైతు మోటారును మార్చును గాని పైపులన్నియు పెరికివేయడు. అతుకు కొలత ఒక్కటే గదా! అట్లే సందేశము పోవు మార్గము, రహస్యలిపి, వెదకు పద్ధతి, ఏది మార్చినను తక్కినవి కదలవు. రెండు యంత్రములు కలిసినప్పుడు ‘నీకేది వచ్చును?’ అని ఒకదానినొకటి అడిగి ఇద్దరికి తెలిసినదానిని ఎన్నుకొనును. యంత్రము పేరు దాని ఉనికినిబట్టి గాక దాని రహస్యలిపి తాళమునుబట్టి వచ్చును. అందువలన ఫోను పులివెందులకు పోయినను, ప్రొద్దుటూరుకు పోయినను పేరు మారదు. మారువేషము వేసినవాడు పట్టుబడును. చాటింపు కూడ మారినది. సందేశమును సామాన్యముగా ఆరుగురు పొరుగువారికే పూర్తిగా పంపి, మరికొందరికి ‘నావద్ద ఇది యున్నది’ అని మాత్రము చెప్పును.

ఈ లైబ్రరీకి పెద్ద పరీక్ష 2020 డిసెంబరు 1న వచ్చినది. ఆనాడు మొదలైన ఎథీరియమ్ క్రొత్త వలలో వేరువేరు బృందములు వేరువేరు భాషలలో వ్రాసిన ప్రోగ్రాములు లిబ్‌పీటూపీ నియమములతోనే ఒకదానితో నొకటి మాటలాడుకొన్నవి.

రౌటరు గోడ మాత్రము పూర్తిగా కూలలేదు. రెండు వైపులనుండి ఒకేసారి పిలిచి దారి చేసికొను ఉపాయమున్నది. అది ఫలింపనిచోట మూడవ యంత్రమే కబురు మోయవలెను. వలలోనికి క్రొత్తగా వచ్చు యంత్రమునకు కనీసము ఒక్కరి చిరునామా ముందుగా తెలిసియుండవలెను. అట్టి చిరునామాలు కొన్నింటిని ప్రోగ్రాములోనే వ్రాసి ఇచ్చుట నేటికిని వాడుక.