కాళ్లకు తెలిసిన దారి

మన ప్రత్యేక సంచికకు జిల్లా చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. కోటల గురించి, శాసనాల గురించి రాయగల పండితులు మనలోనే ఉన్నారు. నేను గుమాస్తాగా జీవితం గడిపినవాణ్ణి. ఏ ఫైలులోనూ లేని చరిత్రను ఒకదాన్ని కళ్లారా చూశాను గనుక దాన్నే మనవి చేస్తాను.

అది మెస్రం వంశపు గోండుల గోదావరి యాత్ర. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్ వారి నాగోబా కొలువున్న ఊరు. పుష్యమాసంలో నెలవంక కనిపించాక వంశ పెద్దలు జన్నారం మండలం కలమడుగు వద్ద ఉన్న హస్తిన మడుగుకు బయలుదేరుతారు. ఈ మడుగు గోదావరిలోనిది. అవతలి ఒడ్డు మన పాత కరీంనగర్ జిల్లా. తెల్లని బట్టలు కట్టుకొని, చెప్పులు లేని కాళ్లతో అడవి దారిన నడుస్తారు. చీకటి పడ్డ చోట మజిలీ, అక్కడే వంట, అక్కడే పడక. ఝరిలో గంగాజలం నింపుకొని మళ్లీ నడిచే తిరిగి వస్తారు.

ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతారు. అక్కడికి పిల్లా పాపలతో ఎడ్లబండ్ల మీద వంశమంతా చేరుతుంది. వందల కుటుంబాలున్నా వంట మాత్రం 22 పొయ్యిల మీదనే. సిరికొండ కుమ్మరి చేసిన కుండలతో ఆడవారు కోనేటి నీళ్లు తెస్తారు. అల్లుళ్లు మట్టి తవ్వితే ఆడపడుచులు పుట్ట కడతారు. అమావాస్య రాత్రి మహాపూజ. ఆ తరువాత భేటింగ్, అంటే కొత్త కోడళ్లను దేవునికి, పెద్దలకు పరిచయం చేయడం. అది జరిగితేనే కోడలు పూర్తిగా వంశంలో చేరినట్లు.

1970ల చివరలో నాకు ఈ జాతరలో డ్యూటీ పడింది. మర్రిచెట్టు కింద ఒక ముసలాయనను అడిగాను: "దాదా, అడవిల దారి ఎట్ల తెలుస్తది? నక్షా ఏమన్న ఉన్నదా?"

ఆయన నవ్వి, "సారూ, మా తాత నడిచిండు, మా బాపు నడిచిండు. ఆళ్ల ఎనుక నేను నడిచిన. దారి కాళ్లకెరుక" అన్నాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కారణం చెప్పక తప్పదు. అంతకు కొద్దినెలల ముందే ఒక గోండు రైతు తన భూమిని వేరొకరు ఆక్రమించారని అర్జీ పెట్టుకున్నాడు. దాని మీద "ఆధారం లేదు" అని నోట్ రాసినవాణ్ణి నేనే. 1970లో వచ్చిన 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదనే భావించాలి. కాదని రుజువు చేసుకోవలసింది గిరిజనేతరుడే. చట్టం నాకు తెలుసు. అయినా చేతి అలవాటు కొద్దీ కాగితం లేనివాణ్ణే కాగితం అడిగాను.

ఈ కథ పాతదే. జల్, జంగల్, జమీన్ అంటూ పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ పండితుణ్ణి పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల నడుమ కాపురముండి, ఊరూరా తిరిగి వారి మాట విన్నారు. జాతరలో అధికారులు గిరిజనుల మొర వినే దర్బారు ఆయన చలవేనంటారు. బెట్టీ 1987లో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. విన్నవారు ఒకరిద్దరు. విననివారం ఎందరమో. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యల మీద సభకు వచ్చిన గోండులపై పోలీసు కాల్పులు జరిగాయి. ఆ వార్త విన్ననాడు నా నోట్ గుర్తుకొచ్చి అన్నం సహించలేదు.

ఇప్పుడు రోడ్లు పడ్డాయి. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. 2022లో మెస్రం వారు తమ చందాలతోనే నాగోబాకు రాతి గుడి కట్టుకున్నారు. జాతరకు బస్సులు, కార్లు వస్తాయి. ఝరి మాత్రం నేటికీ నడిచే వస్తుంది.

మిత్రులారా, మన సంతకాలున్న ఫైళ్లు ఏ గదిలో చెదలు పడుతున్నాయో మనకే తెలియదు. ఏటేటా నడిచే ఆ దారి మాత్రం చెరగలేదు. ఆధారమంటే ఏమిటో నాకు ఆలస్యంగా తెలిసింది. ఓపిక ఉన్నవారు ఈ పుష్య అమావాస్యకు మనవలను వెంటబెట్టుకొని కేస్లాపూర్ వెళ్లి రండి.