విదేశంలో పెళ్లికి పిలుపొచ్చిందా? బట్టలు కొనేముందు పాస్‌పోర్ట్ తీసి చూడండి!

వాట్సాప్‌లో పెళ్లి కార్డు వస్తుంది. వెన్యూ దగ్గర శామీర్‌పేట రిసార్ట్ పేరో, మేడ్చల్ హైవే మీది ఫంక్షన్ హాల్ పేరో ఉంటుందనుకుంటాం. తీరా చూస్తే థాయ్‌లాండ్! వెనకాలే ఫోన్. "మామా, టికెట్లు, హోటల్ అన్నీ మేమే చూస్కుంటం. మీరు పాస్‌పోర్ట్ ఫొటో పంపితే చాలు."

అసలు చిక్కంతా ఆ ఫొటోతోనే మొదలవుతుంది. పెళ్లివారు టికెట్ కొనగలరు కానీ, ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర మీ కాగితాలకు మీరే జవాబు చెప్పాలి.

విదేశీ పెళ్లి అనగానే చాలామందికి వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి పెళ్లి గుర్తొస్తుంది. 2023 నవంబర్ 1న ఇటలీలోని టస్కనీలో జరిగింది. నవంబర్ 5న హైదరాబాద్‌లో రిసెప్షన్ పెట్టారు. ఇప్పుడు మన చుట్టుపక్కల మామూలు కుటుంబాలు కూడా బ్యాంకాక్, బాలి, దుబాయ్ అంటున్నాయి. అమ్మాయి అమెరికాలో, అబ్బాయి ఆస్ట్రేలియాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే మధ్యలో ఎక్కడో ఒకచోట కలుద్దామనే లెక్క. పిలుపు అందుకున్న చుట్టాల్లో సగం మందికి మాత్రం అదే మొదటి ఫ్లైట్.

ఇంటిపేరు దగ్గరే అసలు తంటా

ముందుగా పాస్‌పోర్ట్ తీసి ఎక్స్‌పైరీ డేట్ చూడండి. చాలా దేశాలు ప్రయాణం నాటికి కనీసం 6 నెలల గడువు ఉండాలంటాయి. పిల్లల పాస్‌పోర్ట్ 5 ఏళ్లకే అయిపోతుంది. ఈ సంగతి తల్లిదండ్రులు మర్చిపోతుంటారు. కొత్త పాస్‌పోర్ట్‌కి (36 పేజీలది) పెద్దవాళ్లకు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. స్లాట్, పోలీస్ వెరిఫికేషన్ కలిపి ఎన్ని రోజులు పడుతుందో ముందే చెప్పలేం. అందుకే కార్డు వచ్చిన వారంలోనే అప్లై చేసేయండి.

తర్వాత పేరు చూడండి. మనవాళ్ల పాత పాస్‌పోర్ట్‌లు చాలావాటిలో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. ఇంటిపేరు ఉండదు, ఒక్క పేరే ఉంటుంది. 2022 నవంబర్ నుంచి యూఏఈ ఇలాంటి ఒంటి పేరుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వట్లేదు. పాస్‌పోర్ట్ రెండో పేజీలో తండ్రి పేరో, ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత చెప్పారు. దుబాయ్ పెళ్లి అయితే టికెట్ కొనేముందే ఎయిర్‌లైన్‌ని అడిగి ఖాయం చేసుకోవాలి. టికెట్ మీద పేరు కూడా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. బంధువుల గ్రూపులో "శ్రీను బాబాయ్" అని పేరు పంపితే, బుక్ చేసే కుర్రాడు కూడా శ్రీను అనే కొట్టేస్తాడు!

ఇంకొకటి, ఈసీఆర్. పదో తరగతి పాస్ కానివాళ్లకు సాధారణంగా ఈ ముద్రతో పాస్‌పోర్ట్ ఇస్తారు. 50 ఏళ్లు దాటినవాళ్లకు, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లకు మినహాయింపు ఉంటుంది. యూఏఈ, థాయ్‌లాండ్, ఇండోనేషియా, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లే ఈసీఆర్ వాళ్లు క్లియరెన్స్ తీసుకోవాలి. పెళ్లికి వెళ్తే అది అక్కర్లేదు. కాకపోతే ఇమిగ్రేషన్‌లో ప్రశ్నలు ఎక్కువ రావచ్చు. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, పెళ్లి కార్డు ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోండి. కంగారు పడి పొంతన లేని జవాబులు చెప్తేనే ఇబ్బంది.

వీసా సంగతి దేశానికో తీరు

థాయ్‌లాండ్ 2023 నవంబర్ నుంచి భారతీయులకు వీసా లేకుండా ఎంట్రీ ఇచ్చింది. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేరోజు ఒకసారి, బయల్దేరే వారంలో ఒకసారి అధికారిక సైట్‌లో చూసుకోండి. 2025 మే 1 నుంచి అక్కడ డిజిటల్ అరైవల్ కార్డ్ తప్పనిసరి. దిగడానికి ముందు 3 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగే సైట్ కనిపిస్తే అది అధికారిక సైట్ కాదని అర్థం. బాలికి వీసా ఆన్ అరైవల్ ఉంది, దానికి 5 లక్షల రూపాయా (ఇండోనేషియా కరెన్సీ) కట్టాలి. పైగా 2024 ఫిబ్రవరి నుంచి టూరిస్ట్ లెవీ మరో లక్షన్నర రూపాయా. ఇటలీ లాంటి షెంగెన్ దేశమైతే ముందే వీసా తీసుకోవాలి, 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి.

కుడుకలు, గసగసాలు ఇంట్లోనే వదిలేయండి

మన పెళ్లిలో ఒడిబియ్యం ఉంటుంది. ఒడిబియ్యం అంటే కుడుకలు ఉండాల్సిందే. కానీ ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ కాబట్టి దాన్ని మంటలంటుకునే వస్తువుల కింద లెక్కేస్తారు. చెక్-ఇన్ బ్యాగ్‌లో దొరికితే తీసి పక్కన పెడతారు. కర్పూరం, అగ్గిపెట్టెల సంగతీ అంతే. గసగసాలు యూఏఈలో, సింగపూర్‌లో నిషేధం. మసాలా పొడిలో కలిపినా రిస్కే. తాంబూలానికని తమలపాకులు దుబాయ్ తీసుకెళ్లొద్దు. పూజ సామాను అక్కడే దొరుకుతుందేమో పెళ్లివారిని అడగండి. బ్యాంకాక్ అయితే పాహురత్ అనే ఇండియన్ మార్కెట్టే ఉంది. ఆవకాయ మానలేం అంటే గట్టిగా సీల్ చేసి చెక్-ఇన్‌లో వేయండి. పవర్ బ్యాంక్ మాత్రం చేతి బ్యాగ్‌లోనే ఉండాలి.

బీపీ, షుగర్ మందులు, ఇన్సులిన్ కూడా చేతి బ్యాగ్‌లోనే పెట్టుకోండి. వాటితోపాటు ఇంగ్లిష్‌లో రాసిన ప్రిస్క్రిప్షన్ ఉండాలి. ట్రామడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందుల మీద యూఏఈలో కఠినమైన ఆంక్షలున్నాయి.

బంగారం... వెళ్లేటప్పుడే కాగితం

అమ్మ హారం, అత్తమ్మ వడ్డాణం వేసుకుని వెళ్తారు సరే. తిరిగొచ్చేటప్పుడు అది అక్కడ కొన్నది కాదని ఎలా చూపిస్తారు? అందుకే వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ అధికారులకు నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. షాపు బిల్లు, నగల ఫొటోలు దగ్గరుంటే పని తేలిక. దీనికి టైం పడుతుంది కాబట్టి ఇంకాస్త ముందే చేరుకోండి. నిజానికి ఒకట్రెండు నగలతో సరిపెట్టుకుని, మిగతావి ఇక్కడి రిసెప్షన్‌కి వేసుకుంటే అందరికీ ప్రశాంతం. ఇంటికి తాళం వేస్తున్నట్టు లోకల్ పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. తిరిగొచ్చేదాకా స్టేటస్‌లో ఎయిర్‌పోర్ట్ సెల్ఫీలు వద్దు.

డబ్బుల విషయానికొస్తే, మన నోట్లు మనిషికి 25,000 రూపాయలకు మించి బయటికి తీసుకెళ్లకూడదు. ఏటీఎం కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆఫ్‌లో ఉంటే బ్యాంక్ యాప్‌లో ఆన్ చేసుకోండి. చదివింపులు ఇక్కడే ఇచ్చేయడం మేలు.

తేదీ, ముహూర్తం... రెండూ మళ్లీ చూడండి

విదేశీ ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రి తర్వాతే. టికెట్ మీద 12వ తేదీ 1:30 అని ఉంటే 11వ తేదీ సాయంత్రమే ఇల్లు కదలాలి. ఒక్కరోజు తేడాతో ఫ్లైట్ మిస్సయ్యేది ఇక్కడే. మేడ్చల్ వాళ్లు ఎగ్జిట్ 6, శామీర్‌పేట వాళ్లు ఎగ్జిట్ 7 దగ్గర ఓఆర్ఆర్ ఎక్కితే శంషాబాద్‌కి సిటీ ట్రాఫిక్ తగలదు. అయినా గంటన్నర పెట్టుకోండి. 3 గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. కారు లేకపోతే జేబీఎస్ నుంచి పుష్పక్ బస్సులున్నాయి.

కార్డు మీద ముహూర్తం ఏ దేశం టైమో కూడా అడగండి. థాయ్‌లాండ్ మనకన్నా గంటన్నర ముందు, బాలి రెండున్నర గంటలు ముందు, దుబాయ్ గంటన్నర వెనక. ఫోన్‌లో టైం దానంతట అదే మారుతుంది కానీ తాతయ్య చేతి గడియారం మారదు. రాత్రి పడుకునే ముందు దాన్ని మీరే తిప్పి పెట్టండి.