గర్భిణికి ఎక్స్‌రే, బిడ్డకు ముప్పు: ఆలిస్ స్టీవర్ట్ పరిశోధన

ఆలిస్ స్టీవర్ట్ (1906–2002) బ్రిటన్ వైద్యురాలు, పరిశోధకురాలు. పిల్లల్లో రక్త క్యాన్సర్ మరణాలు పెరుగుతుండటంతో 1950లలో ఆక్స్‌ఫర్డ్‌లో కారణాలు వెతకడం మొదలుపెట్టారు. లేడీ టాటా స్మారక నిధి 1,000 పౌండ్లు ఇచ్చింది. భార్య మెహెర్‌బాయి రక్త క్యాన్సర్‌తో మరణించాక దొరాబ్జీ టాటా నెలకొల్పిన నిధి ఇది.

క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లులనూ, అదే వయసున్న ఆరోగ్యవంతులైన పిల్లల తల్లులనూ ఒకే ప్రశ్నలు అడిగించారు. గర్భంతో ఉండగా పొట్టకు ఎక్స్‌రే తీశారని చెప్పినవారు మొదటి వర్గంలో దాదాపు రెట్టింపు ఉన్నారు. 1956లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఈ విషయం వెలువడింది.

చాలామంది వైద్యులు నమ్మలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ప్రతిదీ తవ్వి గుర్తుచేసుకుంటుందని, ఆ లెక్క సరికాదని వాదించారు. 1962లో అమెరికాలో బ్రయాన్ మెక్‌మాన్ తల్లుల జ్ఞాపకాలతో పనిలేకుండా ఆసుపత్రి రికార్డులే చూశారు. అక్కడా ముప్పు ఎక్కువేనని తేలింది. తల్లుల మాట నిలిచింది.

పిల్లల్లో క్యాన్సర్ అరుదు. ఒక్క ఎక్స్‌రే తీశారని బెంగపడనక్కర్లేదు. గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. ఎక్స్‌రేకు గానీ, సీటీ స్కాన్‌కు గానీ వెళ్తే గర్భం ఉన్నా, ఉందన్న అనుమానమున్నా ముందే చెప్పాలి.