గోడ ఆవలి గూడు



అంతర్జాలంలో సొంతంగా ఒక పుట నిలపదలచినవారు సాధారణంగా విచారించేవి రెండు: అద్దె ఎంత, వేగం ఎంత. చదువరి చైనాలో ఉన్నప్పుడు మాత్రం ఈ రెంటికంటె ముందుగా మరొక ప్రశ్న ఎదురవుతుంది. మన పుటలు కాపురముండే సర్వరు అక్కడివారికి అందుతుందా? ఈ రోజు అందినది రేపు కూడా అందుతుందా? ఈ ప్రశ్నకు పాతికేళ్ళకు పైగా ఎందరో వెదకిన సమాధానాలకు ఒక చరిత్ర ఉన్నది. అది యంత్రాల చరిత్రగా కనిపించినా, నిజానికి ఆశ్రయాల చరిత్ర. ఉచితంగా దొరికిన చోట అక్షరాలు దాచుకొనే మనబోటివారికి అందులో తెలుసుకోదగినది ఉన్నది.

చైనానుండి తొలి ఈ-లేఖ 1987 సెప్టెంబరులో బీజింగునుండి జర్మనీలోని కార్ల్స్రూహె విశ్వవిద్యాలయానికి చేరింది. మహాకుడ్యాన్ని దాటి లోకపు ప్రతి మూలకూ చేరగలమన్నది అందులోని సందేశం. 1994 ఏప్రిల్ 20న ఆ దేశానికి అంతర్జాలంతో పూర్తి అనుసంధానం కలిగింది. రెండేళ్ళు తిరగకుండానే, 1996 ఫిబ్రవరిలో, విదేశాలతో సాగే రాకపోకలన్నీ ప్రభుత్వం ఏర్పరచిన ద్వారాల గుండానే జరగాలన్న శాసనం వచ్చింది. తరువాతి కథకంతటికీ మూలం ఇదే. ఊరికి వేయి దారులున్నప్పుడు కావలి కాయడం కష్టం. ద్వారాలు కొన్నే అయినప్పుడు తలారులు కొద్దిమంది చాలు. 1997లో 'వైర్డ్' పత్రికలో జెరెమీ బార్మే, సాంగ్ యె వ్రాసిన వ్యాసం ఈ ఏర్పాటుకు 'గ్రేట్ ఫైర్‌వాల్' అన్న పేరును లోకానికి పరిచయం చేసింది.

ఈ గోడ పనిచేసే తీరు స్థూలంగా మూడు విధాలు. మొదటిది సర్వరు యొక్క అంకెల చిరునామాను అడ్డగించడం. రెండవది పేరును చిరునామాగా మార్చే వ్యవస్థలో తప్పుడు సమాధానమిచ్చి దారి మళ్ళించడం. మూడవది సాగుతున్న సంభాషణలో నిషిద్ధపదం కనబడగానే, 'ఇక ముగిద్దాం' అన్న దొంగసంకేతాన్ని ఇరుపక్కలకూ పంపడం. అవతలివాడే ఫోను పెట్టివేశాడని ఇద్దరూ అనుకొంటారు! ఆ సంకేతాన్ని రెండు యంత్రాలూ లెక్కచేయకుంటే సంభాషణ యథావిధిగా సాగుతుందని 2006లో కేంబ్రిడ్జి పరిశోధకులు క్లేటన్, మర్డాక్, వాట్సన్ నిరూపించారు.

ఇట్టి గోడ ఉండగా ఇల్లెక్కడ కట్టుకోవాలి? అందరికంటె ముందు కొందరు ఇల్లే వద్దనుకొన్నారు. 1990ల చివర అమెరికానుండి వెలువడిన 'వి.ఐ.పి. రెఫరెన్స్' అన్న చైనీస్ పత్రిక ఏ పుటనూ నమ్ముకోక, పంపే చిరునామాను మార్చుకొంటూ నేరుగా పాఠకుల ఈ-లేఖల పెట్టెలకే చేరేది. దానికి 30,000 చిరునామాలు అందించాడన్న అభియోగంపై షాంఘైకి చెందిన లిన్ హై 1998లో అరెస్టయి, 1999 జనవరిలో రెండేళ్ళ శిక్షకు గురి అయ్యాడు. పత్రిక గోడ దాటింది కాని, మనిషి గోడలోపలనే ఉన్నాడు. ఈ చరిత్ర చదివేటప్పుడు మరువరాని మాట ఇది.

రెండవ మార్గం గోడలోపలనే ఇల్లు కట్టుకోవడం. అప్పుడు వేగానికి కొదువ లేదు. కాని 2000 సెప్టెంబరు నాటి నిబంధనలు, వాటి వెంబడి 2005లో వచ్చిన నియమాలు, చైనా భూభాగంలోని సర్వరుపై నిలిచే ప్రతి పుటకూ ప్రభుత్వంలో నమోదును తప్పనిసరి చేశాయి. నమోదు సంఖ్యను ముఖపుట అడుగున చూపాలి. అంటే యజమాని ఎవరో ఏలికకు ముందే తెలుస్తుంది. ఎవరికి ఏది రుచించదో ఊహించి కలమే ముందుగా వెనుకాడుతుంది. గూగుల్ సంస్థ 2006 జనవరిలో చైనాకు ప్రత్యేకించిన వెదుకుడు పుటను, అక్కడి నియమాలకు లోబడి ఫలితాలను కత్తిరిస్తూ, ప్రారంభించింది. 2010 జనవరిలో తన వ్యవస్థలపై చైనానుండి దాడి జరిగిందని ప్రకటించి, మార్చి 22న ఆ పుటకు వచ్చేవారిని హాంకాంగు పుటకు మళ్ళించింది.

హాంకాంగు మూడవ మార్గం. షెన్‌జెన్ నగరానికి అది కూతవేటు దూరం. అక్కడ ఇల్లు కడితే చైనా నమోదు అవసరం లేదు; దూరం తక్కువ కనుక వేగమూ దక్కుతుంది. అందుకే నమోదుకు నోచుకోనివారూ, ఇష్టపడనివారూ అక్కడ సర్వర్లు అద్దెకు తీసుకోవడం పరిపాటి అయింది. అయితే భూపటంలో ఆనుకొని ఉన్నంత మాత్రాన ఆ రెండూ ఒకే ప్రాకారంలో లేవు. నడుమ గోడ ఉండనే ఉన్నది. గూగుల్ హాంకాంగుకు తరలినా, నిషిద్ధపదాల వెదుకులాట గోడవద్ద తెగిపోతూనే వచ్చింది.

ఇక నాలుగవది. సమస్య దేశం కాదు, దూరం కాదు, పొరుగు ఎవరన్నదే అని గ్రహించినవారు తొక్కిన దారి ఇది. ఒకే సర్వరును, ఒకే చిరునామాను వేలమంది పంచుకోవడం అద్దెయిళ్ళ లోకంలో మామూలు. అందులో ఒక్కరిపై ఆగ్రహం కలిగినా తలుపు అందరికీ మూతపడుతుంది. ఇది మనకు అనుభవైకవేద్యమే. 2006 జులైలో, ముంబయి రైలు పేలుళ్ళ తరువాత, భారతప్రభుత్వం కొద్దిపాటి పుటలను అడ్డగించమని ఆదేశిస్తే, ఆ కొద్దింటిని విడదీయలేని సేవాసంస్థలు బ్లాగ్‌స్పాట్‌నూ, టైప్‌పాడ్‌నూ, జియోసిటీస్‌నూ మొత్తంగా మూసివేశాయి. కవిత్వం వ్రాసుకొనేవారికీ, వంటలు వ్రాసుకొనేవారికీ కొన్ని రోజులపాటు సొంత గూడే కనబడకుండా పోయింది.

ఈ శాపాన్నే వరంగా మార్చుకోవచ్చునని తరువాత కొందరికి తోచింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోరాదని సామెత కదా! ఆ ఇల్లు ఏలికకే అవసరమైనదైతే ఎలుకకు అంతకంటె రక్ష ఏది? 2013 జనవరిలో, ప్రోగ్రాములు వ్రాసేవారు తమ పనిని పంచుకొనే గిట్‌హబ్‌ను చైనా అడ్డగించింది. దానిమీద ఆధారపడిన సొంతదేశపు సాంకేతికనిపుణులే గగ్గోలు పెట్టారు. గూగుల్ చైనా పూర్వాధిపతి కై-ఫు లీ బహిరంగంగా నిరసించాడు. రెండు మూడు రోజులలోనే తలుపు తెరుచుకొంది.

అదే ఏడు నవంబరులో, రాయిటర్స్ చైనీస్ పుట నిషేధానికి గురికాగానే, గ్రేట్‌ఫైర్ అన్న బృందం దాని ప్రతిబింబాన్ని అమెజాన్ సర్వర్లపై నిలిపింది. అమెజాన్ సర్వర్లను చైనాలోని వ్యాపారాలు కూడా వాడుకొంటున్నాయి. సంభాషణ గుప్తలిపిలో సాగడంవల్ల కాపలావాడికి ఏ ఇంటికి వెళుతున్నారో తెలుస్తుంది కాని, ఏ గదికో తెలియదు. నిషేధిస్తే ఇంటినంతటినీ నిషేధించాలి. వర్తకం దెబ్బతింటుంది కనుక అంతకు తెగించరన్నదే వారి పందెం.

కొంతకాలం పందెం నెగ్గింది. 2015 మార్చిలో ఎదుటివాడు ఎత్తు మార్చాడు. గోడ అడ్డుకొనేది మాత్రమే. ఈసారి వచ్చినది ఫిరంగి. చైనాలోని బైదూ సంస్థకు చెందిన చిన్న ప్రోగ్రాములను వాడే పుటలు అసంఖ్యాకం. ఆ ప్రోగ్రాముకోసం బయటి దేశాలనుండి వచ్చే అభ్యర్థనలను కొన్నింటిని నడిమిదారిలో పట్టి, వాటికి బదులుగా మరొకటి పంపారు. దానితో ఏ పాపమూ ఎరుగని చదువరుల కంప్యూటర్లు వారికి తెలియకుండానే గ్రేట్‌ఫైర్ పుటలమీద విరుచుకుపడ్డాయి. గంటకు 260 కోట్ల దాకా అభ్యర్థనలు వచ్చాయనీ, రోజుకు 30,000 డాలర్ల అద్దె పడుతున్నదనీ ఆ బృందం ప్రకటించింది. తరువాత దాడి గిట్‌హబ్‌కు మళ్ళింది. అక్కడ గురి గ్రేట్‌ఫైర్ పుట, న్యూయార్క్ టైమ్స్ చైనీస్ ప్రతిబింబం. ఏప్రిల్‌లో సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు ఈ సాధనానికి 'గ్రేట్ కానన్' అని పేరు పెట్టి, పని తీరు వివరించారు. ఇల్లు తగలబెట్టలేనివాడు అద్దె పెంచి ఎలుకను వెళ్ళగొట్టజూశాడన్నమాట.

2018 ఏప్రిల్‌లో మరి రెండు సంగతులు జరిగాయి. రష్యాలో టెలిగ్రామ్‌ను అడ్డగించే పట్టుదలతో అక్కడి అధికారులు అమెజాన్, గూగుల్‌లకు చెందిన కోటిన్నరకు మించిన చిరునామాలను మూసివేశారు. ఇంటికి నిప్పు పెట్టేవారు కూడా ఉంటారని రుజువైంది. సంబంధంలేని వ్యాపారాలు ఎన్నో స్తంభించాయి. టెలిగ్రామ్ మాత్రం చిరునామాలు మారుస్తూ చాలమందికి అందుతూనే ఉన్నది. 2020 జూన్‌లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు.

రెండవ సంగతి అంతకంటె లోతైనది. కవరుపైన పెద్ద సంస్థ పేరు, లోపలి ఉత్తరంలో అసలు గమ్యం పేరు వ్రాసి కాపలాను దాటే ఉపాయం ఒకటి ఉండేది. దాన్ని 'డొమైన్ ఫ్రంటింగ్' అంటారు. సిగ్నల్ వంటివి ఈజిప్టు, ఒమాన్ మొదలైన దేశాలలో ఆ ఉపాయంతోనే అందేవి. ఆ నెలలోనే మొదట గూగుల్, వెంటనే అమెజాన్ దానికి తలుపులు మూశాయి. గోడ కట్టినవాడు చేయలేని పనిని ఇల్లు అద్దెకిచ్చినవాడు ఒక్క ప్రకటనతో చేసివేశాడు.

ఆ మరుసటి ఏడు, 2019 ఏప్రిల్‌లో, చైనా వికీపీడియాను అన్ని భాషలలోనూ అడ్డగించింది. అంతకుమునుపు నిషేధం ప్రధానంగా చైనీస్ ప్రతికే ఉండేది. ఈసారి 2003 డిసెంబరులో మొదలై, మనలో పలువురి చేతిమీదుగా పెరిగిన తెలుగు వికీపీడియా కూడా ఆ గోడ అవతలే నిలిచిపోయింది. బీజింగులోని తెలుగు విద్యార్థికి పోతనగారి వ్యాసం అందకపోవడానికి పోతన చేసిన అపరాధం ఏమీ లేదు. పొరుగు ఒక్కటే కారణం.

కౌటిల్యుడు రాజనీతికి చెప్పిన ఆరు గుణాలలో సంధి ఒకటి, సంశ్రయం మరొకటి. నమోదు చేసుకొని గోడలోపల ఉండడం సంధి. మహాసంస్థ చాటున నిలవడం సంశ్రయం. బలవంతుని ఆశ్రయం తప్పనిసరి అయితే తప్ప మేలు కాదని ఆయన హెచ్చరించనే హెచ్చరించాడు. శత్రువుకు భయపడి ఆశ్రయించినవాడు ఆశ్రయదాత చిత్తానికి లోబడక తప్పదు.

కనుక, అందే సర్వరు ఏ దేశంలో ఉన్నదన్న ప్రశ్నకు ఈ చరిత్ర శాశ్వతమైన సమాధానమివ్వదు. మూతపడినప్పుడు మరొకచోట లేచేందుకు పుటల ప్రతులు పలుచోట్ల, పలువురి చేతులలో ఉండడమే నిలిచిన ఉపాయం. మన పూర్వులు తాళపత్రాలకు చేసినది ఇదే. ఒక్క భాండాగారాన్ని నమ్ముకొన్న గ్రంథం నశించింది. నాలుగు ఊళ్ళలో వ్రాయసకాండ్రు ఎత్తివ్రాసుకొన్నది దక్కింది. మిత్రులు తమ టపాలకు ప్రతులు తీసి, తమకు అందుబాటులో ఒకటి, నమ్మిన స్నేహితునివద్ద ఒకటి ఉంచుకోవలసిందిగా ప్రార్థన.

స్వస్తి.